జాల్నా నుంచి చిల్కానగర్ గల్లీ దాకా: ఒక ఫాసలా తారీఖ్



తారీఖ్ అనగానే చాలామందికి కోటలు, నవాబులు, జంగులు గుర్తుకొస్తాయి. ఈసారి నేను రాసేది ఒక ఫాసలా తారీఖ్. అందరిలా ఉండని మన పిల్లల్ని ఇంటి గడప నుంచి, మసీదు గడప నుంచి ఏ జమానాలో ఎంత దూరంలో పెట్టాం అన్న లెక్క.

మొన్నొక జుమా నాడు చిల్కానగర్‌లో ఒక మసీదులో కూర్చున్నాను. నా ముందు సఫ్‌లో ఒకాయన కొడుకుతో వచ్చాడు. పిల్లాడికి ఏడెనిమిదేళ్ళుంటాయి. ఖుత్బా మొదలై మైకు ఒక్కసారి కీచుమంది. పిల్లాడు రెండు చేతులతో చెవులు మూసుకుని, గట్టిగా అరుస్తూ సఫ్‌ల మధ్య పరుగెత్తాడు. వెనక నుంచి ఒక పెద్దమనిషి, "ఐసే బచ్చోంకో ఘర్ మే రఖో మియా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మంచి చెప్తున్నట్టే అన్నాడు. తండ్రి మారుమాట్లాడలేదు. కొడుకుని భుజానికెత్తుకుని, చెప్పులు చేత పట్టుకుని, జుమా చదవకుండానే వెళ్ళిపోయాడు.

నేను నమాజ్ చదివాను గానీ దిల్ అక్కడ లేదు. 'ఘర్ మే రఖో' అన్న ఆ మాట ఎప్పటిది? మన బుజుర్గులు కూడా ఇలాగే అనేవారా? అక్కడ్నుంచి మొదలైంది ఈ వెతుకులాట.

ముందు ఒక మాట సాఫ్‌గా చెప్పుకుందాం. ఆ పిల్లాడికున్నది ఆటిజం. తెలుగులో స్వలీనత అని రాస్తున్నారు. అది జిన్ కాదు, నజర్ కాదు, ఆసేబ్ కాదు, తల్లి చేసిన ఏ తప్పూ కాదు. మెదడు ఎదిగే తీరులో మొదట్నుంచీ ఉండే తేడా. ఇలాంటి పిల్లల్లో కొందరు మాట్లాడరు, కొందరు ఆపకుండా మాట్లాడతారు. మనకు మామూలుగా ఉండే చప్పుడు, వెలుతురు, బట్ట ఒరిపిడి వాళ్ళలో కొందరికి భరించలేనంతగా ఉంటాయి. మైకు కీచుమన్నప్పుడు ఆ పిల్లాడు అల్లరి చేయలేదు. తట్టుకోలేక పారిపోయాడు.

దారుష్షిఫా జమానా

మన శహర్ పుట్టిన నాలుగేళ్ళకే, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుష్షిఫా కట్టించాడు. మధ్యలో పెద్ద ఆంగన్, చుట్టూ రెండంతస్తుల్లో హుజ్రాలు. మరీజ్ అక్కడే ఉండేవాడు, హకీంలు అక్కడే చూసేవారు, యునానీ తిబ్ నేర్చుకునే తల్బా అక్కడే చదువుకునేవారు. చార్మినార్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అంటే దవాఖానా శహర్ నడిబొడ్డున ఉండేది.

దాని వెనక పెద్ద సిల్సిలా ఉంది. 707 ప్రాంతంలో డమాస్కస్‌లో ఖలీఫా వలీద్ కుష్ఠు ఉన్నవాళ్ళకు వసతి ఏర్పాటు చేశాడనీ, నడవలేనివాళ్ళకు ఒక ఖాదిమ్‌ను, చూపు లేనివాళ్ళకు దారి చూపే మనిషిని ఇచ్చాడనీ తబరీ తారీఖ్‌లో ఉంది. 1354లో అలెప్పోలో కట్టిన అర్గూన్ బీమారిస్తాన్‌లో మనసు చెదిరినవాళ్ళకు విడిగా గదులు, మధ్యలో నీటి ఫౌవారాలు ఉండేవి. 1488లో ఎదిర్నేలో సుల్తాన్ బాయజీద్ కట్టించిన దవాఖానాలో వారానికి మూడుసార్లు గాయకులు, వాద్యకారులు వచ్చి మరీజ్‌లకు సంగీతం వినిపించేవారని ఎవ్లియా చెలబీ రాశాడు. ఇలాంటి చోట్లు నడిచింది ఎక్కువగా వక్ఫ్ ఆమ్‌దనీ మీద. మనిషి చుట్టూ ఉన్న చప్పుడు, నీరు, వెలుతురు కూడా దవాలో భాగమేనని వాళ్ళకు తెలుసు.

గొప్పలే చెప్పుకుంటే తారీఖ్ కాదు. అవే బీమారిస్తాన్లలో కొందరికి సంకెళ్ళు వేసిన సంగతులు కూడా పుస్తకాల్లో ఉన్నాయి. ఆటిజం అన్న పేరు ఆ జమానాకు తెలియదు. మాట్లాడనివాడు గూంగా, తనలో తాను ఉండేవాడు మజ్జూబ్ లేదా దీవానా. మజ్జూబ్‌కు మన మొహల్లాల్లో ఇజ్జత్ దొరికేది. ఎవరో ఒకరు రోటీ పెట్టేవారు, కొట్టేవాళ్ళను ఆపేవారు. కానీ చదువు దొరకలేదు. పైగా ఆ ఇజ్జత్ మగవాడికి దొరికినంతగా ఆడపిల్లకు దొరకలేదు. ఆమెను ఇంటి వెనక గదిలోనే ఉంచారు.

ఇంకా వెనక్కి వెళ్తే మదీనాలో హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ కనబడతారు. చూపు లేని సహాబీ. మక్కాలో ఆయన వచ్చి అడిగిన వేళ పట్టించుకోకపోవడం గురించే అబస సూరా దిగిందని మనం చిన్నప్పుడే విన్నాం. ఆ తర్వాత జరిగిందాన్ని తక్కువగా చెప్పుకుంటాం. ఆయన మదీనా మసీదులో అజాన్ ఇచ్చారు. రసూలుల్లా సఫర్‌కు వెళ్ళినప్పుడు పలుమార్లు మదీనా బాధ్యత ఆయన చేతిలో పెట్టారు. ఇంట్లో ఉంచమని కాదు, ముందు నిలబెట్టమని మనకున్న నమూనా.

జాల్నా రైలు

మరి ఫాసలా ఎక్కడ పెరిగింది? ఇంగ్రేజ్ జమానాలో దేశమంతా పాగల్‌ఖానాలు లేచాయి. ఊరికి దూరంగా, చుట్టూ గోడ కట్టి. నిజాం రియాసత్ కూడా ఆ దారే పట్టింది. మన రియాసత్ పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది. ఇప్పుడది మహారాష్ట్రలో ఉంది. హైదరాబాద్ నుంచి 400 కిలోమీటర్లకు పైనే. మన్మాడ్ లైను రైల్లో పంపిన మనిషిని చూసి రావాలంటే ఒక గరీబ్ ఇంటికి ఎన్నాళ్ళ మజూరీ పోయేదో లెక్కేసుకోండి. పంపడమంటే దాదాపు మరిచిపోవడమే. 1953లో ఆ ఆసుపత్రి ఎర్రగడ్డకు వచ్చింది. దూరం తగ్గింది గానీ పేరు తిట్టుగా మారింది. ఇప్పటికీ మన పిల్లలు కొట్లాడుకుంటే "నిన్ను ఎర్రగడ్డ పంపాలి" అనుకుంటారు.

పాగల్‌ఖానా భయంతో చాలామంది దర్గాల దారి పట్టారు. దువాకు నేను ఖిలాఫ్ కాదు. తల్లి దువా చేయకపోతే ఎవరు చేస్తారు? కానీ ఒక తారీఖు మరువకూడదు. తమిళనాడులో ఎర్వాడి దర్గా ఊళ్ళో, 2001 ఆగస్టు 6న, ఒక ప్రైవేటు షెడ్డుకు నిప్పంటుకుంది. మనసు జబ్బులు నయమవుతాయని ఇంటివాళ్ళు వదిలివెళ్ళిన 28 మంది గొలుసులతోనే చనిపోయారు. పారిపోయే వీలు కూడా లేకుండా కట్టేసి ఉంచారు. సుప్రీంకోర్టు తానుగా కేసు తీసుకుంది. ఆటిజం, మనసు జబ్బు రెండూ వేర్వేరు సంగతులు. అయినా తేడా తెలియని ఇంటివాళ్ళు రెంటికీ ఒకే ఆమిల్ దగ్గరికి వెళ్తారు. అందుకే ఎర్వాడి మన కథ కూడా.

తల్లి మీద ఇల్జామ్

మనవాళ్ళు మాత్రమే జాహిల్‌గా ఉన్నారని అనుకోకండి. 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరమ్మ ఇలాంటి ఆరుగురు అబ్బాయిల గురించి వివరంగా రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశాడు, ఆటిజం పేరు నిలబడింది. మరుసటేడు వియన్నాలో హన్స్ ఆస్పెర్గర్ రాశాడు. పేరు దొరికింది, దాంతోపాటే ఇల్జామ్ కూడా మొదలైంది. తల్లి ప్రేమ చల్లగా ఉండటం వల్లే పిల్లాడు ఇలా అయ్యాడని పెద్దపెద్ద డాక్టర్లు చెప్పారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకమే రాసి ఆ మాటను ఇల్లిల్లూ చేర్చాడు.

ఇక్కడ అత్త, "నీ నజర్, నీ కడుపు దోషం" అంటే, అక్కడ కోటు తొడుక్కున్న డాక్టరు అదే మాట ఇంగ్లీషులో అన్నాడు. ముల్క్ వేరు, ముజ్రిమ్ ఒక్కతే: తల్లి.

ఆ ఇల్జామ్‌ను తుడిచింది కూడా తల్లిదండ్రులే. 1962లో లండన్‌లో కొందరు తల్లిదండ్రులు కూడి ఒక సొసైటీ పెట్టుకున్నారు. వాళ్ళలో లోర్నా వింగ్ ఉంది. ఆమె డాక్టరు, ఆటిజం ఉన్న అమ్మాయికి అమ్మీ కూడా. 1965లో వాళ్ళే ఈలింగ్‌లో బడి తెరిచారు. అమెరికాలో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆటిజం ఉన్న అబ్బాయికి అబ్బా, 1964లో పుస్తకం రాసి, ఇది తల్లి తప్పు కాదు, మెదడుకు సంబంధించినదని చూపాడు. మరుసటేడు అక్కడా తల్లిదండ్రుల సంఘం లేచింది.

మన దేశంలోనూ అంతే. 1991లో ఢిల్లీలో మేరీ బరువా అనే తల్లి యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టింది. తన కొడుకుకు చోటు దొరక్క, అందరి పిల్లలకూ చోటు వెతికింది. గమనించండి, ఎక్కడా పని హుకూమత్ దగ్గర మొదలవలేదు. నలుగురు తల్లులు ఒక గదిలో కూర్చున్న చోట మొదలైంది.

మన శహర్, కానూన్

హైదరాబాద్ ఈ మామలాలో వెనకబడలేదు. 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. 1977లో సికింద్రాబాద్‌లో డాక్టర్ హనుమంతరావు స్వీకార్ తెరిచారు. 1984లో మర్కజీ సర్కార్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం పిల్లల కోసం జాతీయ సంస్థ పెట్టింది. పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. ఆటిజం ఎంత ఉందో చూసే 40 ప్రశ్నల కొలమానం 2009లో అక్కడినుంచే వచ్చింది. మొత్తం ముల్క్ పిల్లల్ని తూచే తరాజు మన శహర్‌లో తయారైందన్నమాట.

కానూన్ మాత్రం ఆలస్యంగా కళ్ళు తెరిచింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల మాజూరీ రాశారు, ఆటిజం లేదు. ఆటిజం పిల్లాడికి సర్టిఫికెట్ కావాలంటే బుద్ధిమాంద్యం కింద చూపించాలి. తెలివి బాగుండి, మాట, మెలగడం మాత్రమే కష్టమైన పిల్లాడికి ఏ కాగితమూ లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు మొదటిసారి వచ్చింది. ప్రతి ఆటిజం ఇంట్లో రాత్రిపూట మెల్లగా అడుగుకునే సవాల్‌కు జవాబు వెతికిన చట్టమది: "హమారే బాద్ ఇస్కా కౌన్?" పిల్లాడికి పద్దెనిమిది నిండితే కానూన్ కంట్లో అబ్బా అయినా సంతకం పెట్టలేడు. బ్యాంకు ఖాతా, జమీన్ కాగితం, అన్నీ ఆగిపోతాయి. అందుకే జిల్లా కలెక్టర్ సదారత్‌లో కమిటీ పెట్టి, సర్పరస్త్‌ను నియమించే వీలు ఇచ్చారు. నిసా సూరాలో సొంతంగా మాల్ చూసుకోలేనివాళ్ళకు తిండి, బట్ట ఇచ్చి మంచిమాట మాట్లాడమన్న హుకుం ఉంది కదా. ఆ అమానత్‌నే ఈ చట్టం దఫ్తర్ భాషలో రాసింది.

2016 ఏప్రిల్‌లో ఆటిజం సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని నోటిఫై చేశారు. అదే ఏడు డిసెంబర్‌లో కొత్త చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మాజూరీ రకాలు ఏడు నుంచి 21 అయ్యాయి, ఆటిజం అందులో సొంత పేరుతో నిలబడింది. 40 శాతం, ఆ పైన మాజూరీ ఉన్న పిల్లలకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు హక్. దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది మన ఇష్టం. సర్కారీ నౌకరీల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం ఉన్నవాళ్ళకూ హిస్సా ఉంది.

ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారని అడుగుతారేమో. దేశంలో ఐదు చోట్ల 3,964 మంది పిల్లల్ని చూసిన పెద్ద సర్వే 2018లో అచ్చయింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో దాదాపు 12 శాతం మందికి మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉందని తేలింది. ఆటిజం ఒక్కటే చూస్తే నూటికి ఒకరు దాకా. మీ మక్తబ్‌లో వంద మంది పిల్లలుంటే ఒకరు వాళ్ళలో ఉండాలి. లేరంటే, ఇంట్లో ఉన్నారని అర్థం.

ఆఖరి ఫాసలా

ఇప్పుడు మళ్ళీ చిల్కానగర్‌కు వద్దాం. ఉప్పల్, నాచారం మధ్య ఉన్న ఈ బస్తీల్లో మనవాళ్ళు చాలామంది వరంగల్, నల్లగొండ ఊళ్ళ నుంచి వచ్చి ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సు దిగినవాళ్ళే. ఇంట్లో దక్కనీ, గల్లీలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. తండ్రి నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టుకో, ఆటో తోలడానికో, సౌదీకో వెళ్తాడు. పిల్లాడి పని తల్లి మీద పడుతుంది.

ఆమె నక్షా గీయండి. బోయినపల్లి సంస్థ ఒక కొసన. నిలోఫర్ దవాఖానా మరో కొసన, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. 2016 అక్టోబర్‌లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఏర్పడ్డాక, సర్పరస్తీ కాగితం కోసం వెళ్ళాల్సిన కలెక్టరేట్ శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో ఉంది. పిల్లాడు రద్దీ బస్సులో నిలవలేడు. ఆటోకు డబ్బులు లేవు. మాట నేర్పడం, మెలగడం నేర్పడం నెలకొకసారి చేసే పని కాదు, వారం వారం, ఏళ్ళ తరబడి. జాల్నా నుంచి బోయినపల్లి దాకా ఫాసలా తగ్గించింది హుకూమత్, డాక్టర్లు, తల్లులు. బోయినపల్లి నుంచి ఈ గల్లీ దాకా ఉన్న ఫాసలా ఎవరు తగ్గించాలి? మొహల్లానే తగ్గించాలి. మన మొహల్లాకు మధ్యలో మసీదు ఉంది.

మొదటి పని పసిగట్టడం. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకైనా వేలుపెట్టి చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, కళ్ళలోకి చూడకపోవడం ఉంటే "అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ఊరుకోవద్దు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత నేర్చుకుంటాడు. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆశా కార్యకర్తకు చెప్పండి, నిలోఫర్‌లోనో బోయినపల్లిలోనో చూపించండి. తావీజ్ కట్టుకున్నా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఆపకండి.

రెండోది జబాన్. పిల్లాడితో దక్కనీ మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. అమ్మీకి రాని జబాన్‌లో అమ్మీ ఎలా లాడ్ చేస్తుంది? రెండు జబాన్లు ఆటిజం పిల్లల మాటకు నష్టం చేయవని పరిశోధనలు చూపించాయి. మీకు ఏ జబాన్‌లో ప్రేమ వస్తుందో ఆ జబాన్‌లోనే మాట్లాడండి.

మూడోది కాగితం. మాజూరీ సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు చేయించుకుంటే తెలంగాణ పింఛన్ వస్తుంది. 2023 జులైలో అది నెలకు 4,016 రూపాయలైంది. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇలాజ్ ఖర్చు ఇస్తారు. మండలానికి ఉండే భవిత కేంద్రం గురించి సర్కారీ బడిలో అడగండి. చదువుకున్న నౌజవాన్లు నెలకొక ఆదివారం మసీదు వరండాలో బల్ల వేసుకుని ఈ ఫారాలు నింపిపెడితే, ఒక తల్లికి ఎన్నో రోజుల తిరుగుడు తప్పుతుంది. నలుగురు తల్లులు కలిసి ఒకే ఆటోలో బోయినపల్లి వెళ్తే ఖర్చు పావు వంతు అవుతుంది. లండన్ తల్లులు 1962లో చేసింది ఇంతకంటే పెద్దదేమీ కాదు.

నాలుగోది మసీదు. అమెరికాలో 2014లో ముహ్‌సెన్ అనే ముస్లిం సంస్థ మొదలైంది. మసీదులు మాజూర్లకు ఎంత అనువుగా ఉన్నాయో చూసి సనద్ ఇస్తుంది. ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం దినంగా 2007 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్నది కూడా ఖతర్ తెచ్చిన తీర్మానం మీదే. మనకు సనద్ అక్కర్లేదు. లోపలి స్పీకర్ చప్పుడు కాస్త తగ్గించడం, వెనక తలుపు దగ్గర ఒక మూల ఖాళీగా ఉంచడం, పిల్లాడు అరిచినా తల తిప్పి చూడొద్దని ఇమాం సాబ్ జుమాలో ఒక్కసారి చెప్పడం చాలు. మక్తబ్‌లో వేరే పిల్లలు లేనప్పుడు పదిహేను నిమిషాలు ఒక్క ఉస్తాద్, ఒక్క పిల్లాడు. షాదీఖానాలో చప్పుడు లేని ఒక గది.

రాసేముందు ఆ జుమా నాటి తండ్రి ఇంటికి వెళ్ళాను. చాయ్ ఇచ్చాడు. పిల్లాడు మూలన కూర్చుని గిన్నె మూత తిప్పుతున్నాడు. "భాయిజాన్, వీడికి నమాజంటే ఇష్టమే. ఇంట్లో నా పక్కన నిలబడతాడు. మైకే పడదు" అన్నాడు. అసర్‌కు జమాత్ చిన్నగా ఉంటుంది, ఖుత్బా మైకు ఉండదు కదా అని మాట్లాడుకున్నాం. సదర్ సాబ్‌తో ముందే చెప్పి, బుధవారం అసర్ అజాన్ అయ్యాక తీసుకొచ్చాం. చివరి సఫ్‌లో, తలుపు పక్కన నిలబడ్డాడు. రెండు రకాత్‌లు అబ్బాను చూసి చేశాడు. మూడో రకాత్‌లో బయటికెళ్ళి వుజూఖానా దగ్గర నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. జుమా నాడు మాట అన్న ఆ పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు. సలామ్ తిప్పాక వెళ్ళి కుళాయి కట్టేయకుండా, పిల్లాడి పక్కన కాసేపు కూర్చున్నాడు.

మీ గల్లీలో ఇలాంటి ఇల్లు ఉంటే ఈ వారం ఆ తలుపు తట్టండి. అల్లా మన ఫాసలాలు తగ్గించుగాక. ఆమీన్.